మామయ్య బొమ్మల డబ్బా ఎంత చేస్తుంది?

ఆ రోజుల్లో మా నూజివీడులో ధర తెలియని వస్తువంటూ ఉండేది కాదు. చెట్టు మీద కాయ సంగతి సరే, పూత కూడా సరిగా విచ్చుకోని తోటలోకి మా నాన్న ఇలా వెళ్లి, నాలుగు వరసలు తిరిగి, అలా బయటికొచ్చి చెప్పుల మట్టి దులుపుకుంటూ ఆ ఏటి కాపు ఎంత చేస్తుందో చెప్పేసేవారు. పాడిగేదెకి ధర చెప్పేవాడు ఒకడు, ఇంటి స్థలానికి ఒకడు, ఆగిపోయిన స్కూటరుకి ఒకడు, ఎవరూ దొరక్కపోతే టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాడైనా సరే, ఏదో ఒక అంకె చెప్పకుండా లేచేవాడు కాదు. (ఆ అంకె తప్పని రుజువైనా ఒప్పుకునేవాడు కాదు, అది వేరే సంగతి.) అలాంటి ఊళ్లో, అలాంటి తండ్రికి పుట్టి, ఒక రేకు డబ్బా విలువ తెలుసుకోవడానికి కాళ్లు అరిగేలా తిరిగి, నెరిసిన జుట్టుతో ఈ రోజుకీ తెలుసుకోలేకపోయిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఆ డబ్బా మా మామయ్యది. అమ్మకి తమ్ముడు. బస్టాండు దగ్గర చిన్న కొట్టు ఉండేది. పెన్నులు, రిబ్బన్లు, సబ్బులు, గాజు సీసాల్లో చాక్లెట్లు, అన్నిటికంటే ముందు వరసలో బబుల్‌గమ్ ప్యాకెట్లు. నా చిన్నప్పుడు ఆ ప్యాకెట్లో గమ్‌తోపాటు ఒక క్రికెట్ ఆటగాడి బొమ్మ కార్డు వచ్చేది. గమ్ ఎవడిక్కావాలి, బొమ్మ కోసమే బళ్లో పిల్లలందరం ఎగబడేవాళ్లం. అందుకే ఊరందరికీ ఆయన బబుల్‌గమ్ మామయ్య. నాకొక్కడికే నిజం మామయ్య అని నేను గర్వపడేవాణ్ణి గానీ, ఆ గర్వానికి ప్రత్యేకమైన రాయితీ ఏమీ ఉండేది కాదు, మేనల్లుడైనా పైసలు ఇచ్చి కొనుక్కోవాల్సిందే. నేను డిగ్రీ అయి నాన్న మామిడికాయల కమీషన్ కొట్టులో జీతం లేని ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఒక ఉదయం మామయ్య కొట్టు షట్టరు సగం ఎత్తి అక్కడే కూలబడిపోయాడు. మళ్లీ లేవలేదు. పిల్లల్లేరు. పెద్దకర్మ అయ్యాక అత్తయ్య నన్ను లోపలికి పిలిచి, పాత బిస్కెట్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టింది.

"ఇది నీకివ్వమన్నాడురా మీ మామయ్య. ఎప్పట్నుంచో అంటుండేవాడు, వాడికే ఇవ్వాలి, వాడికే ఇవ్వాలని."

మూత తీస్తే నిండా క్రికెట్ కార్డులు. ఒక్కటి మడత పడలేదు, ఒక్కదాని అంచు చిరగలేదు. వాటి మధ్యలోంచి ఇంకా బబుల్‌గమ్ వాసన వస్తోంది. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. కాని ఆ ఏడుపు ఎంతసేపు నిలిచిందని అడిగితే, సెల్‌ఫోన్ల కొట్టు నడిపే నా స్నేహితుడు ఆ డబ్బా చూసేవరకు అని చెప్పాలి. వాడు అప్పుడే కొత్తగా వచ్చిన పెద్ద ఫోనులో ఏదో వెతికి, ఎక్కడో విదేశంలో ఇలాంటి ఆటగాడి కార్డు ఒకటి కోట్లకి అమ్ముడుపోయిందని చూపించాడు. "ఒక్క కార్డేరా! ఒక్కటి! నీ దగ్గర డబ్బా ఉంది" అన్నాడు. వాడి కళ్లూ నా కళ్లూ ఒకేసారి పెద్దవయ్యాయి. ఆ కార్డు ఏ ఆటదో, ఏ కాలందో, మన క్రికెట్టుకీ దానికీ ఏమైనా చుట్టరికం ఉందో లేదో మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

నాకు డబ్బు అంత అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆగిరిపల్లి అవతల ఒక తోట కౌలుకి వస్తోంది. చిన్నరసాలు, బంగినపల్లి కలిపి వేసిన మంచి తోట. ఉగాదిలోగా అడ్వాన్సు ఎవరిస్తే వాళ్లకే అన్నాడు ఆసామి. ఆ తోట నా పేరున తీసుకోవాలని, నాన్న కొట్టులో "మా అబ్బాయి" అనే ఉద్యోగం మానేసి నేనూ ఒక వ్యాపారిననిపించుకోవాలని నాకు ఆ ఏడు మహా కోరికగా ఉండేది. నాన్నని అడిగాను. ఆయన తలెత్తకుండానే, "తోట నీది కావాలంటే అడ్వాన్సూ నీదే కావాలిరా. నా డబ్బుతో తీసుకుంటే అది నా తోటవుద్ది" అన్నారు. న్యాయమే. న్యాయమైన మాట విన్నప్పుడు వచ్చే కోపం ఉంటుంది చూడండి, అది మామూలు కోపం కంటే ఎక్కువసేపు ఉంటుంది.

ఇక డబ్బానే దిక్కు. ధర కట్టించే ముందు సరుకు సిద్ధం చెయ్యాలి కదా. గదిలో చాప పరిచి, కార్డులన్నీ పోసి, నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య ప్రదర్శించాను. కాయల్ని వేరు చేసినట్టు వేరు చేశాను. నిగనిగలాడేవి మొదటి రకం, కాస్త వెలిసినవి రెండో రకం, మచ్చ పడ్డవి మూడో రకం. ఒక్కో కార్డునీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాను. (ఎందుకని అడక్కండి. మా ఇంట్లో మందుబిళ్లలు కూడా వాసన చూసే వేసుకుంటారు.) ఆటగాళ్ల పేర్లు చదివానా అంటే, లేదు. రసం కాయకి పేరెవడు చదువుతాడు, రంగూ రూపూ చాలదా! మీసం బాగున్నవాణ్ణి, బ్యాటు పైకెత్తి నవ్వుతున్నవాణ్ణి మొదటి రకంలోకి తోసి, ముఖం చిట్లించినవాళ్లని కిందికి దించేశాను. చివరికి మా వాళ్లందరూ బుట్టకి చేసే పనే చేశాను, మంచి సరుకంతా పై వరసలో పేర్చి మూత పెట్టాను.

విజయవాడలో పాత నాణేలూ స్టాంపులూ కొనే పెద్దాయన ఉన్నాడని స్నేహితుడే కనుక్కున్నాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీటతను రెండుసార్లు నా డబ్బా వైపు చూస్తే దొంగేమోనని హనుమాన్ జంక్షన్ దాకా గుండె పట్టుకుని కూర్చున్నాను. (పాపం, బిస్కెట్లేమో, ఒకటి పెడతాడేమోనని చూశాడట. దిగేటప్పుడు అడగనే అడిగాడు.) పెద్దాయన కొట్టు ఒక సందులో, మేడ మీద. కంటికి భూతద్దం తగిలించుకుని డబ్బా తీసుకుని, మూత తీసి, అమాంతం బల్ల మీద బోర్లించి అడుగు వరస నుంచి చూడటం మొదలుపెట్టాడు. ఈయన మా మండీలో పుట్టవలసినవాడు అనుకున్నాను. చాలాసేపు చూశాడు. ఒక్కో కార్డుకీ నా మనసులో తోటలో ఒక్కో వరస నాదవుతోంది. ఆయన చివరికి భూతద్దం తీసి, నా వైపు జాలిగానూ, అంతకంటే ఎక్కువ ఆశ్చర్యంగానూ చూశాడు.

"ఇవి ఎవరు పోగుచేశారు బాబూ?"

"మా మామయ్యండీ. పోయారు."

"అయ్యో. ఏంలేదు, ఇంత పెద్ద డబ్బాలో పేరున్న ఆటగాడు ఒక్కడంటే ఒక్కడు లేడండీ. ఒకటీ రెండూ మ్యాచులాడి ఇంటికెళ్లిపోయినవాళ్లు, పన్నెండో ఆటగాళ్లు, అసలు ఆడారో లేదో నాకే తెలీనివాళ్లు. గుడ్డిగా ఏరినా ఇద్దరు ముగ్గురు గొప్పోళ్లు తగులుతారు కదా. ఒక్కడు కూడా రాకుండా పోగుచెయ్యడం మాటలు కాదు."

"అయితే అరుదైనవేగా అండీ?" అన్నాను, ఆశ చావక.

"అరుదైనవే. ఎవరూ అడగనివి కూడానండీ" అన్నాడాయన. నాకు టీ తెప్పించాడు. నష్టం వచ్చిన మనిషికి టీ ఇప్పించే మర్యాద అన్ని వ్యాపారాల్లోనూ ఉన్నట్టుంది. టీ తాగి, డబ్బా సర్దుకుని, తిరిగి బస్సెక్కాను. ఈసారి డబ్బా సీటు కింద పెట్టాను.

నూజివీడులో దిగి ఇంటికి పోలేదు, అత్తయ్య దగ్గరికే పోయాను. ఒక్క గొప్ప ఆటగాడైనా లేని ఆ డబ్బాని మామయ్య నాకే ఎందుకివ్వమన్నాడో తెలుసుకోవాలనిపించింది. కాస్త కోపంగానే అడిగానేమో కూడా. అత్తయ్య బియ్యం ఏరుతూ, అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు చెప్పింది.

"గొప్పోళ్లు ఎందుకుంటార్రా? వాళ్లని మీరే పట్టుకుపోయారు కదా. మీరంతా కొట్టు ముందే కాయితం చింపి, కావాల్సినోడు వస్తే జేబులో పెట్టుకుని, మిగతావాళ్లని అక్కడే పారేసి పోయేవాళ్లు. సాయంత్రం కొట్టు ముందు ఊడుస్తూ ఆయన ఒక్కోటీ ఏరి, పంచెతో తుడిచి ఇందులో వేసేవాడు. తొక్కుకుంటూ పోతున్నారే, మొహం ఉన్న కాయితం కదా, వీడూ ఒక తల్లి కన్న బిడ్డే కదా అనేవాడు."

"మరి నాకే ఎందుకు?"

అత్తయ్య నవ్వింది. మామయ్య పోయాక ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే. "ఇందులో సగం నువ్వు పారేసినయ్యేరా. అందరికంటే ఎక్కువ కొనేవాడివీ నువ్వే, ఎక్కువ పారేసేవాడివీ నువ్వే. పెద్దయ్యాక వాడివి వాడికిచ్చేద్దామే అనేవాడు."

అదీ సంగతి. నా ఆస్తి నాకే వారసత్వంగా వచ్చిందన్నమాట. మా తోటల్లో గాలికి రాలిన కాయని ఎవరూ బుట్టలో వెయ్యరు, ఏరుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి ముక్కలు కోసి ఒరుగులు పెట్టుకుంటారు. మామయ్య కొట్టు ముందు రాలినవి ఏరి ఇంతకాలం ఎండబెట్టి దాచాడు. ఇంటికి నడిచి వస్తుంటే తోట పోయిందన్న బాధ ఒక పక్క, ఆ చీపురూ ఆ పంచె అంచూ ఒక పక్క, ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోయాను.

మర్నాడు కొట్టుకి డబ్బా తీసుకెళ్లాను. ఇంట్లో పెడితే అమ్మ అడుగుతుంది, స్నేహితుడికిస్తే నవ్వుతాడు, అందుకని నాన్న గల్లాపెట్టె పక్కన బల్ల కింద తోశాను. అప్పుడే పచ్చడికాయలు, తొలి కలెక్టరు రకం మామిడికాయలు మండీకి దిగుతున్నాయి. గుమాస్తా ఉన్నాడు, బయటి ఊరి వ్యాపారులు ఇద్దరు బుట్టల మీద కూర్చుని ఉన్నారు. నాన్న తన కుర్చీలోంచి, ఎప్పుడూ నాతో మాట్లాడని గొంతుతో, బేరగాడితో మాట్లాడే గొంతుతో అన్నారు: "ఆ డబ్బా నేను కొంటాను. చెయ్యి ఇలా పెట్టు."

బయటివాళ్లకి తెలియకపోవచ్చు, చెబుతాను. మా మండీలో అప్పటికింకా ధర పైకి చెప్పేవాళ్లు కాదు. అమ్మేవాడి చేతి మీద తువ్వాలు కప్పి, కొనేవాడు దాని కింద చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకుని ధర చెప్పేవాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండైతే రెండు. అది వందల్లోనా, ఇంకా పైనా అన్నది సరుకుని బట్టి ఇద్దరికీ తెలిసే ఉంటుంది. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఒక్కడికీ ధర తెలియదు, మొహాలు చూసి ఊహించుకోవాల్సిందే. ఇష్టంలేకపోతే అమ్మేవాడు చెయ్యి లాక్కుంటాడు. చెయ్యి లాక్కున్నాడంటే ఆ బేరం చచ్చిపోయినట్టే, ఆ ఇద్దరి మధ్య ఆ సరుకు మాట మళ్లీ రాదు.

నాన్న భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద వేశారు. ఆయనకి విజయవాడ పెద్దాయన చెప్పిన మాట తెలియదని నా నమ్మకం. ఊళ్లో స్నేహితుడు కూసిన కోట్ల కథే ఆయన చెవిన పడి ఉంటుంది, పాపం నాన్న ఆశపడుతున్నారు, జీవితమంతా సరుకు చూసి కొన్న మనిషి మొదటిసారి మూత తియ్యకుండా కొంటున్నారు, కన్నకొడుకు చేతుల్లో మోసపోతున్నారు. తువ్వాలు కింద ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుంది. గరుకు చెయ్యి, కాయల సొన మరకలు పోని చెయ్యి. నా చూపుడువేలు పట్టుకున్నారు. తర్వాత మధ్యవేలు కూడా కలుపుకున్నారు. నేనిక ఆగలేకపోయాను. గభాలున చెయ్యి లాగేసి, మండీ అంతా వినబడేలా, "వద్దు నాన్నగారూ! అందులో ఏం లేదండీ! అన్నీ ఎందుకూ పనికిరానివే! విజయవాడలో చూపించుకుని వచ్చాను!" అని అరిచాను.

బయటి ఊరి వ్యాపారులు ఇద్దరూ పగలబడి నవ్వారు. అమ్మేవాడు తన సరుకుని తనే తిట్టుకోవడం వాళ్ల వ్యాపార జీవితంలో ఎప్పుడూ చూసి ఉండరు. గుమాస్తా మాత్రం నవ్వలేదు, తల వంచుకుని పద్దులు రాసుకోవడం మొదలుపెట్టాడు. నాన్న తువ్వాలు దులిపి, మడిచి, భుజాన వేసుకుని, "సరుకు అమ్మేవాడు సరుకుని తిట్టుకుంటాడంట్రా?" అని మాత్రం అని, లేచి కాయల దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన మొహంలో చిన్నబోవడం కనిపించింది. మోసపోబోయి తప్పించుకున్నందుకు సిగ్గుపడుతున్నారు కాబోలు అనుకున్నాను. నా తెలివి అంతటిది.

ఆ రోజంతా నేలకి జానెడు ఎత్తున నడిచాను. తోట పోతే పోయింది, తండ్రిని మోసం చెయ్యని కొడుకునని నా భుజం నేనే తట్టుకున్నాను. అన్నం దగ్గర అమ్మతో ఈ ఘనకార్యం వర్ణించి చెప్పాను, ఎలా చెయ్యి లాగానో చూపించాను కూడా. అమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! ఆయనకి తెలీదనుకున్నావా? మీ అత్తయ్య నిన్ననే నాకు చెప్పింది, నేను ఆయనకి చెప్పాను. అందులో ఏం లేదని తెలిసే కొంటానన్నారు."

"తెలిసి ఎందుకు కొంటారే?"

"మీ నాన్నకి ఇవ్వడం చాతకాదురా. కొనడమే వచ్చు. అందుకే కొంటానన్నారు."

అడ్వాన్సు నీదే కావాలిరా అన్న మాట ఆయన వెనక్కి తీసుకోలేరు, మాట తప్పకుండా నాకు ఇవ్వడానికి ఆయనకి దొరికిన దారి అదొక్కటే. పదిమందిలో నన్ను చిన్నబుచ్చకుండా, మూత కూడా తియ్యకుండా, మామయ్య డబ్బాకి కూడా మర్యాద చేసి ఇవ్వబోయారు. నేను ఆ చేతిని విదిలించుకుని సరుకు పనికిరాదని అరిచాను.

మర్నాడు పొద్దున్నే సిగ్గు విడిచి డబ్బా తీసుకెళ్లి ఆయన ఎదుట బల్ల మీద పెట్టి, నేనే ఒక తువ్వాలు తెచ్చి చేతి మీద కప్పుకుని నిలబడ్డాను. (ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. విరిగిన చెయ్యికి కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాడిలా ఉండి ఉంటాను.) నాన్న డబ్బా మెల్లిగా పక్కకి జరిపారు. "చెడిన బేరం మళ్లీ కలపకూడదురా. మండీ నవ్వుద్ది" అన్నారు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

తోట చాట్రాయి వాళ్లెవరో తీసుకున్నారు. కాయ ఎదిగే వేళకి ఈదురుగాలి వచ్చి సగం నేల పాలైంది, వాళ్లు బాగా దెబ్బతిన్నారు. కాబట్టి తోట పోయినందుకు నాకు విచారం లేదు, ఉన్నా చెప్పుకోను. తర్వాత నేను నాన్న కొట్టులోనే కుదురుకున్నాను, మెల్లిగా గల్లాపెట్టె నాదయింది, ఆయన బయట కుర్చీలోకి మారారు. ఒక సీజనులో, మనిషి మంచి హుషారుగా ఉన్న రోజు చూసి, "నాన్నగారూ, ఆ రోజు డబ్బాకి ఎంత పెడదామనుకున్నారు?" అని అడిగాను. నాన్న నవ్వారు. "తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే ఉండాలిరా" అన్నారు. ఇంకొకసారి అడుగుదాంలే అనుకున్నాను. అడగలేదు. ఆయన వెళ్లిపోయారు.

ఇప్పుడు మండీలో తువ్వాళ్లు పోయాయి, ధరలు ఫోన్లలో వస్తున్నాయి. డబ్బా నా బల్ల మీదే ఉంటుంది. కాలేజీ కుర్రాళ్లు కాయలకొచ్చి, చూసి, ఫోన్లు తీసి ఏవేవో వెతికి, "పాతవి కదండీ, ఎంత చేస్తయ్యండీ ఇవి?" అని అడుగుతుంటారు. తెలియదంటాను. ఇంత వ్యాపారస్తుడికి తెలియకపోవడం ఏంటని వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ప్రపంచం మొత్తం మీద ఆ డబ్బాకి ధర కట్టిన మనిషి మా నాన్న ఒక్కరే. నాకు ఊహ తెలిశాక ఆయన నా చెయ్యి పట్టుకున్నది కూడా ఆ ఒక్కసారే. ఏ లెక్కన పట్టుకున్నారో తెలియదు. మామిడికాయలైతే తెలిసేది, బొమ్మల డబ్బాకి లెక్క ఎవరికి తెలుసు? చూపుడువేలు పట్టుకున్నారు, మధ్యవేలు పట్టుకున్నారు, ఉంగరపు వేలి మీదికి వస్తున్నారు. అంతవరకే నాకు తెలుసు.